ప్రశ్నలు - జవాబులు: పాత డబ్బాలో కొత్త ఆటలు

ప్రశ్న: మాది రాబర్ట్‌సన్‌పేట. రోజూ రైల్లో బెంగళూరుకు ఉద్యోగానికి పోయి వస్తాను. ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి కొనుక్కొచ్చాను. డెల్ ఆప్టిప్లెక్స్ 7010, సన్న డబ్బా. ఐ5-3470 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. మావాడు సెకండ్ పీయూసీ. పరీక్షలయ్యాక జీటీఏ 5, స్నేహితులతో వాలరెంట్ ఆడాలట. ఇది పనికిరాదు, అరవై వేలు పెట్టి కొత్తది కట్టించమంటాడు. అంగడాయనేమో గ్రాఫిక్స్ కార్డు వేస్తే చాలంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. జీటీఏ 5 కంప్యూటర్లకు వచ్చింది 2015 ఏప్రిల్‌లో. హాయిగా ఆడాలంటే ఏ ప్రాసెసర్ ఉండాలో చెబుతూ తయారీదారులు రాసిన పేరు ఏమిటో తెలుసా? ఐ5-3470. అచ్చంగా మీ ఇంట్లో ఉన్నదే. కాబట్టి ప్రాసెసర్ మీద నింద వేయనక్కర్లేదు. వాళ్లే అడిగిన 8 జీబీ ర్యామ్, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీ దగ్గర లేవు. ఉన్నదల్లా ప్రాసెసర్‌లోనే కలిసి వచ్చే హెచ్‌డీ 2500. అది సినిమా చూపిస్తుంది, ఆట ఆడించదు.

అంగడాయన చెప్పినట్టు ముందే కార్డు వేయొద్దు. హార్డ్‌డిస్క్ తీసి సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. జీటీఏ ఒక్కటే 70 జీబీ పైన తింటుంది కనుక 500 జీబీది తీసుకోండి. డీడీఆర్3 ర్యామ్ 4 జీబీది పాతదే ఇంకొకటి కొని జత చేయండి. ఒకటే 8 జీబీ పలక కంటే రెండు 4 జీబీ పలకలు మేలు, రెండు దారుల్లో డేటా నడుస్తుంది. ఈ రెండూ అయితే మీ ఇంటిపనికి కూడా కంప్యూటర్ లేచి పరుగెడుతుంది. ఆ మార్పు చూశాకే కార్డు సంగతి.

కార్డు దగ్గరే మోసపోయే చోట్లున్నాయి. మీ డబ్బాలోని పవర్ సప్లై 240 వాట్లది, డెల్ సొంత ఆకారంలో ఉంటుంది. బజారులో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు. అందుకే విడిగా కరెంటు వైరు అడిగే కార్డు మీకొద్దు. స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే నడిచే పొట్టి కార్డు, అంటే లో ప్రొఫైల్‌ది, కావాలి. జీటీ 710 చవగ్గా అంటగడతారు, దాని మీద రూపాయి పెట్టకండి. జీటీ 1030 ఒకే పేరుతో రెండు రకాలు దొరుకుతుంది. డీడీఆర్4 రకం బాగా నెమ్మది. నన్నడిగితే లో ప్రొఫైల్ జీటీఎక్స్ 1650. 1050 టీఐ కూడా ఆడిస్తుంది గానీ, ఎన్విడియా 2025 చివర్లో ఆ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు ఆపేసింది.

పాత కార్డు కోసం బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు వెళ్తే అక్కడే మిషన్‌కు తగిలించి అరగంట ఆట నడిపి చూపించమనండి. జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం తెరిచి చూడండి. ముసుగేసిన నకిలీ కార్డుల్ని చాలావరకు పట్టిస్తుంది. కార్డును డబ్బాకు బిగించే పొట్టి పట్టీ, పొడుగు పట్టీ రెండూ అడిగి తీసుకోండి. పొడుగుది దాచిపెట్టండి, రేపు పెద్ద డబ్బా కొంటే అదే కార్డు అందులో కూర్చుంటుంది. ఎస్‌ఎస్‌డీ కూడా వెంట వస్తుంది. డీడీఆర్3 ర్యామ్, ప్రాసెసర్ మాత్రం ఈ బోర్డుతోనే పోతాయి. అందుకని ఎవరైనా ఐ7-3770 వేయించమంటే వద్దనండి.

ఇక వాలరెంట్. ఆట తేలికే, చిక్కంతా విండోస్‌తో. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే, మీది మూడో తరం. దొడ్డిదారిన ఎక్కించేవాళ్లు ఉన్నారు. కానీ విండోస్ 11 మీద వాలరెంట్ టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అడుగుతుంది. మీ బోర్డులో ఆ టీపీఎం లేదు. అంటే విండోస్ 10 మీద నడిచినన్నాళ్లు నడుస్తుంది. వాడికి వాలరెంటే ప్రాణమైతే ఈ యంత్రం మీద కార్డు ఖర్చు కూడా పెట్టకండి. జీటీఏ, మైన్‌క్రాఫ్ట్ లాంటివైతే ధైర్యంగా పెట్టండి. ఆ ఆటల మిషన్ మీద బ్యాంకు పనులు మాత్రం చేయకండి.

అరవై వేలా? 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండుతున్నాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చేస్తున్నాయి. కొత్తది కట్టించడానికి ఇది మంచి కాలం కాదు. పైగా పీయూసీ అయ్యి ఇంజనీరింగ్‌లో చేరితే మొదటి నెలలోనే ల్యాప్‌టాప్ అడుగుతాడు. ఆ అరవై వేలు దానికి ఉంచండి.

ప్రశ్న: మేము చాంపియన్ రీఫ్స్‌లో ఉంటాం. ఆట మొదలుపెట్టిన అరగంటకు కంప్యూటర్ వేడెక్కి నత్తనడక నడుస్తుంది. కొత్త ప్రాసెసర్ వేయించాలా?

జవాబు: వద్దు, ముందు మూత తీయండి. మీ చుట్టూ సైనైడ్ దిబ్బలున్నాయి కదా. బంగారం తీయడానికి రాయిని పిండి చేసి పోసిన గుట్టలవి. 2001 ఫిబ్రవరిలో గనులు మూసేశాక కూడా గాలి వీచే నెలల్లో ఆ పొడి ఊరి మీదికి లేస్తూనే ఉంది. అది ఫ్యానులో, హీట్‌సింక్ రెక్కల మధ్య గడ్డకడితే వేడి బయటికి పోదు. ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కరెంటు తీసేసి, డబ్బాను బయట పెట్టి, మెత్తటి బ్రష్‌తో, బ్లోయర్‌తో దులపండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోండి. నోటితో ఊదకండి, మూతికి మాస్క్ కట్టుకోండి, ఆ దుమ్ము పీల్చదగ్గది కాదు. హీట్‌సింక్ తీసి థర్మల్ పేస్ట్ మార్పించండి. డబ్బాను నేల మీది నుంచి బల్ల మీదికి ఎక్కించండి.

ప్రశ్న: బీఈఎంఎల్ నగర్ నుంచి. గ్రాఫిక్స్ కార్డు వేస్తే మా 600 వీఏ యూపీఎస్ తట్టుకోగలదా?

జవాబు: మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లు. పైన చెప్పిన ఐ5-3470 లాంటి ప్రాసెసర్‌కు 77, కార్డుకు 75, మిగతావి, మానిటర్ కలిపినా అంతకు లోపే. ఆట సేవ్ చేసి ఆపుకోవడానికి చాలు, కరెంటు పోయాక ఆడుతూ కూర్చోవడానికి కాదు. బ్యాటరీ పాతదైతే ఆ కాసేపూ ఉండదు.

ప్రశ్న: ఆండర్సన్‌పేటలో ఉంటాను, రిటైరయ్యాను. విండోస్ 7 ఉన్న కోర్ 2 డ్యుయో. క్రికెట్ 07, ఆన్‌లైన్‌లో చదరంగం ఇవే నా ఆటలు. అందరూ మార్చమంటున్నారు.

జవాబు: క్రికెట్ 07 వచ్చింది 2006లో, మీ కంప్యూటర్ దానికి చాలు. ఆ ఆట కోసం విండోస్ 7ను అలాగే ఉంచి నెట్ తీసేయండి. దాని మీద 2023 నుంచి క్రోమ్ కొత్త వెర్షన్లు రావడం లేదు, 2024 జనవరి 1 నుంచి స్టీమ్ మద్దతు లేదు. చదరంగానికి అదే డిస్క్‌లో పక్కన లినక్స్ మింట్ వేయించుకోండి, ఉచితం. ర్యామ్ 2 జీబీ అయితే 4 చేయించండి. అంతకు మించి ఏమీ కొనకండి.