చవితి కుడుములు - నైవేద్య పాకము

భాద్రపద శుద్ధ చవితినాడు తెల్లవారుజాముననే ఓరుగల్లు, హనుమకొండలలోని ఇండ్లలో బియ్యపు పిండి ఉడుకు కమ్మని వాసన వ్యాపించును. ఆనాటి పూజకు 21 విధముల పత్రి ఎంత ముఖ్యమో, నివేదనకు 21 కుడుములును అంత ముఖ్యము. నూనె అక్కరలేనిది, ఆవిరిపై ఉడుకునది, పసిపిల్లలును వృద్ధులును తినదగినది ఈ భక్ష్యము. చూచుటకు సులభముగా తోచును గాని, చేయి తిరిగినవారిని సైతము ఒక్కొక్కప్పుడు తడబరచును. కారణ మొక్కటే: నైవేద్యమును ముందుగా రుచి చూడరాదు. తీపి చాలినదో లేదో నాలుకతో తెలిసికొను వీలు లేనప్పుడు వండు ఇల్లాలికి చేయి, కన్ను, ముక్కు ఇవియే సాక్షులు.

పాకమునకు ముందు ఒక సందేహము తీర్చుకొనవలసియున్నది. శ్రీవైష్ణవ సంప్రదాయమున శుభకార్యారంభమందు విష్వక్సేనారాధనము జరుగును. అట్టి గృహములలో చవితికి కుడుములు చేయవచ్చునా యని కొందరడుగుదురు. కొన్ని కుటుంబములవారు ఈ పండుగ చేయరు. కొందరు ఇంటి పెరుమాళ్ళకు ఆరగింపు చేసి ఆ ప్రసాదమునే స్వీకరింతురు. ఎవరి పెద్దల ఆచారము వారికి ప్రమాణము. అయినను ఓరుగల్లు సీమవారు ఈ విషయమై దూరము పోవలసిన పనిలేదు. పోతన ఊరని ఇచ్చటివారు తరతరములుగా చెప్పుకొను బమ్మెర పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదే. 2016లో జరిగిన జిల్లాల విభజనతో జనగామ జిల్లాలో చేరినది. శ్రీమద్భాగవతమును తెనిగింప పూనుకొన్న ఆ 15వ శతాబ్దపు పరమభాగవతుడు గ్రంథారంభమున విఘ్నేశ్వరునకు మ్రొక్కుచు, ఆయనను మోదకములారగించువానిగా స్మరించెను. చవితినాడు ఇంటింట వినిపించు శమంతకోపాఖ్యానమును దశమ స్కంధములోని శ్రీకృష్ణ కథయే. తనపై పడిన నిందను తొలగించుకొనుటకై స్వామి గుహలో జాంబవంతునితో 28 దినములు పోరాడెను. చవితి చంద్రుని చూచుటచే ఆ నింద వచ్చెనను మాట మాత్రము వ్రతకథ చెప్పునది. ఆనాటి 21 పత్రులలో తులసియును ఒకటి యగుట గమనింపదగినది. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభముల గుడిలో శివునకు, వాసుదేవునకు, సూర్యునకు ఒకేచోట మూడు గర్భాలయములు ఏర్పరచిన నేల యిది.

ఇక పాకము. పూర్ణపు కుడుమునకు ముందుగా పూర్ణమును సిద్ధపరచుకొనవలెను. శనగపప్పును ఒక గంట నానబెట్టి ఉడికింతురు. వ్రేళ్ళ నడుమ నొక్కిన నలగవలెను గాని, గిన్నెలో దానంతట అది ముద్ద కారాదు. ఉడికిన పప్పును వడకట్టి నీరంతయు దింపవలెను. ఈ కట్టు చారునకు పనికివచ్చును. ఇచ్చట తొందరపడినవారి పూర్ణము జారుడై, తరువాత పైపొరను చీల్చుకొని వచ్చును. కుడుములు పగులుటకు చాలమంది పిండిని నిందింతురు గాని, తప్పు తరచుగా ఈ నీటిదే.

పొడి పప్పు ఎంత కొలిచిరో బెల్లపు తురుమును అంతే కొలువవలెను. రుచి చూడరాని చోట కొలతయే దిక్కు. అయితే బెల్లములన్నియు ఒక తీరున ఉండవు. కొన్ని ఉప్పదనము కలిగియుండును. కావున నైవేద్యమునకు తీసియుంచిన గడ్డను ముట్టక, అందుండి ముందే వేరుచేసిన ముక్కతో ముందునాడే దాని గుణమును తెలిసికొనుట మంచిది. బెల్లమును కొద్ది నీటిలో కరిగించి వడకట్టినచో ఇసుక పోవును. అందు మెదిపిన పప్పును, కొబ్బరి కోరును వేసి సన్నని సెగపై కలుపుచుండవలెను. ముద్ద గిన్నె అంచులను విడుచునంతలో ఏలకుల పొడి చల్లి దింపవలెను. చల్లారిన పిదప ఇంకను గట్టిపడును గనుక పొయ్యిమీదనే పూర్తిగా గట్టిపడనీయరాదు.

బియ్యపు పిండికి గోధుమ పిండివలె సాగు గుణము లేదు. చన్నీటితో కలిపినచో చేతిలోనే విరిగిపోవును. మరుగు నీరు తగిలినప్పుడే అందలి గంజి ఉబ్బి జిగురు పుట్టును. అందుచే పిండి ఎంతయో నీరంతయు తీసికొని, చిటికెడు ఉప్పు, చెంచెడు నేయి వేసి మరిగించి, పిండి పోసి కలిపి, దింపి మూతపెట్టుదురు. పొడి పిండికి నీరు మరికొంత పట్టును. తడి బియ్యము దంచిన పిండికి తక్కువ చాలును. వేడి ఓర్చుకొనగలిగినంతలోనే నేతిచేతితో మర్దించవలెను. చిన్న ఉండను నొక్కిచూచిన అంచులు పగులరాదు. పగిలినచో వేడినీరు చిలకరించి మరల పిసుకవలెను. ఉండను గిన్నెవలె ఒత్తి, పూర్ణముంచి మూయుదురు. ఈ పని జరుగునంతసేపు మిగిలిన పిండిపై తడిగుడ్డ కప్పియుంచవలెను.

పూర్వము కుండలో నీరు పోసి, మూతికి గుడ్డ బిగించి వాసెన కట్టి, దానిపై ఉడికించెడివారు. ఇప్పుడు ఇడ్లీ పాత్రయే ఆ పని చేయుచున్నది. నీరు మరిగిన పిదపనే కుడుములు పెట్టవలెను. మూతలోపల గుడ్డ కట్టనిచో ఆవిరి నీరై బొట్లు బొట్లుగా పడి పైపొర చిదుకును. లోపలి పూర్ణము ముందే ఉడికినది గనుక 10, 12 నిమిషములు చాలును. పైపొర నిగనిగలాడి, తడివ్రేలికి అంటకున్నచో ఉడికినట్లే. వెంటనే ఎత్తక కొంచెము ఆరనిచ్చినచో విరుగక వచ్చును. బియ్యపు రవ్వతో, శనగపప్పు కలిపి చేయు ఉప్పు ఉండ్రాళ్ళకు ఇంత శ్రమ లేదు. కాని అవి మరికొంతసేపు ఉడుకవలెను.

హారతి ముగిసి, ప్రసాదము పంచిన తరువాతనే వండిన తల్లి నాలుకకు తన పాకము తెలియును. తీపి తగ్గినదని ఇంటివారెవరైన అన్నచో, ఆమె ఆ యేటి బెల్లమును, కొలతను గుర్తుంచుకొనును. మిగిలిన కుడుములు సాయంకాలమునకు గట్టిపడినచో మరల అయిదు నిమిషములు ఆవిరిపై ఉంచిన మెత్తబడును.