పాడి ప్రశ్నలు - జవాబులు: తొలిపాలు ఎవరివి?

ప్రశ్న: మా ఆవు తొలిచూలు ఈనినది. మాయ పడువరకు దూడకు పాలు విడువరాదని మా అత్తగారు కట్టడి చేసిరి. తెల్లవారుజామున పుట్టిన పెయ్యదూడ పొద్దెక్కువరకు పొదుగువైపు మోర చాచి అరచుచునే యుండినది. పెద్దల మాట కాదనలేకపోతిని. ఈ ఆచారము మంచిదేనా? (ఒక గృహిణి, తెనాలి)

జవాబు: కాదమ్మా. అయినను మీ అత్తగారి నొక్కరినే తప్పుపట్టను. కృష్ణాతీరపు మాగాణి పల్లెలనుండి పాలమూరు మెట్టలవరకు ఈ కట్టడి గల ఇండ్లు ఎన్నియో కలవు. మనుష్యశిశువునకు తల్లి గర్భముననే కొంత రోగనిరోధకశక్తి సంక్రమించును గాని గోజాతికా భాగ్యము లేదు. తల్లి రక్తమునందలి రక్షకపదార్థములను ఆవు మాయ దూడవరకు పోనీయదు. ఆ లోటు పూడ్చుటకే ప్రకృతి వానిని ముర్రుపాలలో నింపి పొదుగున దాచియుంచినది. దూడ ప్రేగులు వానిని చెడగొట్టక యథాతథముగా రక్తములోనికి చేర్చుకొనగల గడువు పుట్టిన మొదటి దినము మాత్రమే. ఆ శక్తియు గంటగంటకు క్షీణించి, 24 గంటలు నిండుసరికి దాదాపు నశించిపోవును. కావున దూడ లేచి నిలువగానే, గంటలోపల, ఎంత ఆలస్యమైనను రెండు గంటలు దాటకుండ, తొలిపాలు దాని కడుపున పడవలెను. మొదటి దినమునకు దూడ తూకములో పదవవంతు లెక్క: 30 కిలోల దూడకు 3 లీటర్లు, ఒక్కసారిగా కాక మూడు నాలుగు విడతలుగా.

మాయ సంగతి యందురా, దూడ కుడుచుటచేతనే తల్లి గర్భసంచి ముడుచుకొని మాయ త్వరగా జారును. మాయకొరకు దూడను నిలిపినవారు మాయను కూడ నిలిపినవారే యగుదురు. సామాన్యముగా 8 నుండి 12 గంటలలో అది పడును; పడనిచో పశువైద్యుని పిలువుడు. అంతేగాని దానికి రాయి కట్టి వ్రేలాడదీయుట, చేత పట్టి లాగుట గర్భసంచికి హాని చేయు పనులు. పడినదానిని ఆవు తినకముందే దూరముగా పాతిపెట్టుడు.

ఇక మీరడుగనిది యొకటి చెప్పెదను. జున్నుమీద నాకు ద్వేషము లేదు. బెల్లము, మిరియాలు, ఏలకులు వేసి యుడికించిన జున్ను వలదనుటకు నాకును మనసొప్పదు. కాని ఆవు ఈనినదన్న మాట వీధిలో పొక్కినదే తడవుగా ఇరుగుపొరుగు గిన్నెలు బయలుదేరుటయు, ఆ గిన్నెలన్నియు నిండినపిదప పిండిన పొదుగును దూడచేత చీకించుటయు, అది చిక్కి శల్యమై నెలలోపల కన్నుమూసిన నాడు మన యింట దూడలు అచ్చిరావని నిట్టూర్చుటయు ఏ ధర్మశాస్త్రమునకు సమ్మతమో నేనెరుగను. మొదటి పూట పాలు దూడవి. దాని పొట్ట నిండినపిదప మిగిలినవియు, మరునాటివియు జున్నునకు చాలును. ఒకదినము ఆలస్యముగా చేరిన జున్నునకు చుట్టములు అలుగరు. ఒకదినము ఆలస్యముగా చేరిన ముర్రుపాలు దూడకు ఆహారమగునే గాని రక్ష కానేరవు.

ప్రశ్న: దూడ బొడ్డునకు పేడ రాయవచ్చునా? (ఒక రైతు, కావలి)

జవాబు: రాయకుడు, టింక్చరు అయోడిను రాయుడు.

ప్రశ్న: మా గేదెదూడకు మూడు వారములు. తెల్లని బంకమన్నువలె పారుచున్నది, పొట్ట ఉబ్బినది, వెంట్రుకలు రేగినవి, మన్ను నాకుచున్నది. దిష్టి తీసితిమి, గుణము లేదు. దున్నదూడయే గనుక పెద్ద ఖర్చు పెట్టదలచుకొనలేదు. (ఒక రైతు, సూర్యాపేట)

జవాబు: దిష్టి తీయుటవలన నష్టము లేదు, తీసి ఊరకుండుటవలన కలదు. మీరు చెప్పిన లక్షణములు ఏలికపాములవి. వాని పిల్లలు తల్లిపాలతోనే దూడ కడుపున చేరును గనుక కొట్టము అద్దమువలె ఉంచినను గేదెదూడలకు ఈ బెడద తప్పదు. అట్లని పాలు మాన్పింపరాదు. పశువైద్యశాలలో దూడ తూకము చెప్పి పైపరజీను వంటి మందు పట్టింపుడు. ఇకమీదట పుట్టిన దూడలకు పదవ దినమున మొదటి మోతాదును, ఆ తరువాత ఆరు నెలలవరకు నెలకొక మోతాదును ఇప్పింపుడు. ఖర్చు మాటకు వచ్చినచో, దూడ చచ్చిన గేదె పాలు చేపక తన్నునపుడు, మీరు మిగిల్చిన మందు వెల ఎన్ని పూటల పాలకు సరిపోయినదో లెక్క చూచుకొనుడు. మగదూడకును తల్లి యొకతె కలదు.

ప్రశ్న: మూడవ ఈతలో మంచి పాడి యిచ్చెడి మా ఆవు, ఈనిన మరునాడు కూలబడి, మెడ డొక్కవైపు త్రిప్పుకొని పడియుండెను. చెవులు చల్లబడినవి. ఎట్లో బ్రతికినది. మరల వచ్చినచో ఏమి చేయవలెను? (ఒక పాడిరైతు, అమలాపురం)

జవాబు: అది పాలజ్వరము, ఒంటిపై వేడిమి లేదని ఉపేక్షింపరాదు. పాలు ఒక్కపెట్టున పొంగుటచే రక్తమునందలి కాల్షియము తరిగిపోవుటయే దీనికి కారణము. వైద్యుడు కాల్షియమును మెల్లగా నరమునకు ఎక్కించిన, కొన్ని గంటలలోనే ఆవు లేచి నిలుచుట సాధారణము. కావున ఆ క్షణమే కబురంపుడు. ఆయన వచ్చులోగా ఆవును ఒక ప్రక్కకు ఒరగిపోకుండ రొమ్ముమీద కూర్చుండునట్లు గడ్డిమోపులు ఊతమిడుడు. వెదురుగొట్టముతో గంజిగాని కషాయముగాని పోయకుడు. మ్రింగలేని పశువునకు అది ఊపిరితిత్తులలోనికి పోవును.

ప్రశ్న: ఈనుటకు ఎంత ముందుగా పాలు పితుకుట మానవలెను? (ఒక గృహిణి, సిద్ధిపేట)

జవాబు: రెండు నెలలు. కడవరకు పితికినచో పొదుగునకు విశ్రాంతి యుండదు, ముర్రుపాలు పలుచబడును, రాబోవు ఈతలో పాడి తగ్గును. ఆ రెండు నెలలును పాలు లేవను వంకతో తవుడు, తెలగపిండి తగ్గింపకుడు. కడుపులోని దూడ మిక్కిలిగా పెరుగునది అప్పుడే.

ప్రశ్న: మా దూడ నిన్న మూలానక్షత్రమున పుట్టినది. తల్లితో కూడ అమ్మివేయుమని యందరును చెప్పుచున్నారు. (ఒక రైతు, మదనపల్లె)

జవాబు: అమ్మకుడు. నక్షత్రము వ్రాసితిరి గాని దూడ పాలు త్రాగినదో లేదో వ్రాయలేదు. మొదట అది చూడుడు.