గిటార్ తీగ గుచ్చుకున్న వేలు – చిన్న గాయమని వదిలేయవద్దు



ఒకప్పుడు మన గోపాల్‌పేట చుట్టుపక్కల పాటలకు హార్మోనియం, డోలక్, తాళాలు ఉంటే చాలు. ఇప్పుడు చాలాచోట్ల యవనస్థులు ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నారు. మంచిదే. కరెంటుతో మోగే తీగవాద్యం తెలుగువారికి కొత్త కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి ప్రపంచమంతా పేరు పొందారు. అయితే మన పిల్లల చేతికి వచ్చే గిటార్ తరచుగా పాతది, నలుగురి చేతులు మారినది. దాని అరిగిన, తుప్పు పట్టిన భాగాలు చేతికి ఏమి చేస్తాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మా అనుభవం

ఒక యువకునికి ఆదివారం తీగ కొన చూపుడు వేలిలో గుచ్చుకుంది. తుడుచుకొని వాయించాడు. సోమవారం పల్లి చేనులో పనికి పోయాడు. బుధవారం మా దగ్గరికి వచ్చేసరికి వేలు మొత్తం ఉబ్బి, వంగిపోయి ఉంది. "సిస్టరమ్మా, సూది గుచ్చినంత గాయమే కదా అనుకున్నాం" అని తల్లి ఏడ్చింది. డాక్టరుగారు ఆపరేషన్ చేసి చీము కడిగారు. వేలు దక్కింది కాని పూర్తిగా ముడవడానికి నెలలు పట్టింది. వేలిని కదిలించే నరం ఒక సన్నని గొట్టంలో నడుస్తుంది. ఆ గొట్టంలోకి సూక్ష్మక్రిములు చేరితే చీము అరచేతి వరకు పాకుతుంది.

ఎక్కడ గాయమవుతుంది?

1. మెట్ల అంచులు: వీణకు మెట్లు ఉన్నట్టే గిటార్ మెడ మీద ఫ్రెట్లు అనే లోహపు మెట్లు ఉంటాయి. మన ఎండాకాలపు పొడిగాలికి మెడ కర్ర కొంచెం కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు. అప్పుడు దాని కొనలు బయటికి పొడుచుకొని వేళ్లను గీరుతాయి.
2. అరిగిన మెట్లు: వీటి మీద తీగ జరజరమంటుంది. ఆ శబ్దం పోవాలని వాయించేవారు మరింత గట్టిగా నొక్కుతారు. వేళ్లు, మణికట్టు నొప్పి పెడతాయి.
3. తీగలు: చెమటకు తుప్పు పట్టి గరుకవుతాయి. బిరడల దగ్గర మిగిలిన తీగ కొన సూదిలా గుచ్చుకుంటుంది, కంటికి కూడా ప్రమాదం.
4. బ్రిడ్జి మీది స్క్రూలు: పైకి లేచి ఉంటే అరచేతి అంచును ఒరిపిడి చేస్తాయి.

కొందరికి తీగల్లోని నికెల్ లోహం పడక వేళ్ల మీద దురద, దద్దురు వస్తాయి.

గాయమైతే ఏమి చేయాలి?

వెంటనే ఉంగరాలు తీసేయండి. వేలు వాచిన తరువాత అవి రావు. కుళాయి నీటి ధార కింద సబ్బుతో బాగా కడగండి. శుభ్రమైన బట్టతో అదిమి పట్టి రక్తం ఆపండి. సున్నం, కాఫీ పొడి, పసుపు పెట్టవద్దు. దారం, రబ్బరు బ్యాండు బిగించి కట్టవద్దు. బొబ్బలను చిదమవద్దు.

"తుప్పు ఉంటేనే ధనుర్వాతం" అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఆ క్రిమి మట్టిలో, దుమ్ములో, పశువుల పేడలో ఉంటుంది. తీగ మెరుస్తున్నా, గాయమైన చేతితో చేనులో పని చేస్తే ప్రమాదమే. మురికి గాయమై, చివరి టీకా వేసుకొని 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. ఇప్పుడు ఇచ్చే టి.డి. టీకా ధనుర్వాతంతో పాటు కంఠసర్పి నుండి కూడా కాపాడుతుంది.

ఈ నాలుగు గుర్తులు మరువకండి

చికాగో శస్త్రవైద్యుడు డాక్టర్ కానవెల్ 1912లో చేతి ఇన్‌ఫెక్షన్ల మీద పుస్తకం ప్రచురించారు. ఆయన పేరుతో నేటికీ నర్సులకు, డాక్టర్లకు ఈ గుర్తులు నేర్పుతారు: వేలు మొత్తం సమానంగా వాచడం, కొంచెం వంగి ఉండిపోవడం, అరచేతి వైపు నరం పొడవునా ముట్టుకుంటే నొప్పి, వేలిని చాపితే ఓర్వలేని నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారే దాకా ఆగవద్దు, ఆసుపత్రికి రండి.

షుగరు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. స్పర్శ తగ్గిన వేలికి గాయమైనా తెలియదు. వాయించిన తరువాత వేళ్లను వెలుతురులో చూసుకోండి. కాయ కాసిన చర్మాన్ని బ్లేడుతో కోయవద్దు. రాత్రిపూట బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లు తిమ్మిరెక్కితే చూపించుకోండి.

కరెంటు విషయం

గిటార్ తీగలను లోపల ఎర్తింగుకు కలిపి ఉంచుతారు. ఆంప్లిఫయరు లేక మైకు ఎర్తింగ్ చెడితే తీగ మీద చెయ్యి, మైకుకు పెదవి తగిలినప్పుడు షాకు కొడుతుంది. 1972లో లెస్ హార్వీ అనే గిటారిస్టు వేల్స్‌లోని స్వాన్సీలో వేదిక మీదనే ఇలా మరణించారు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచి వాడవద్దు. చిరుషాకు తగిలినా వాయించడం ఆపి ఎలక్ట్రీషియనును పిలవండి. ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిన్ ఆపండి, తరువాతే ముట్టుకోండి, 108కి ఫోన్ చేయండి.

ప్రతి వారం ఐదు నిమిషాలు

దూదిని మెడ అంచు వెంట నడపండి. పోగు చిక్కిన చోటే వేలు కూడా తెగుతుంది. ఆ చోటును బాగుచేసేవారి చేత ఆకురాయి పట్టించండి. వాయించాక తీగలను పొడి నూలు బట్టతో తుడవండి. తుప్పు పట్టిన తీగలను మార్చండి. తీగను వదులు చేసిన తరువాతే కత్తిరించండి, కళ్లద్దాలు పెట్టుకోండి, కొనను లోపలికి వంచండి. అరగంటకొకసారి చేతికి విశ్రాంతి ఇవ్వండి.

తల్లిదండ్రులారా, తీగల సెట్టు ఖర్చుకు వెనుకాడవద్దు. ఆదివారం వాయించే ఆ చెయ్యే సోమవారం మీ ఇంటికి కూలి తెచ్చే చెయ్యి.