జన్యు పదార్థ రవాణాలో ధనావేశ పాలిమర్ల రసాయన నిర్మాణం: సస్యరక్షణకు అన్వయం

పురుగు మనుగడకు అవసరమైన జన్యువు పనిచేయకుండా చేసి, దానిని అదుపులో ఉంచే విధానమే ఆర్ఎన్ఎ ఇంటర్‌ఫెరెన్స్. ఇందుకు రెండు పోగుల ఆర్ఎన్ఎను వాడతారు. ఇది కొలరాడో బంగాళాదుంప పెంకు పురుగుపై సమర్థంగా పనిచేస్తుంది. ఈ ప్రాతిపదికపై రూపొందిన లెడ్‌ప్రోనా అనే పిచికారీ మందును అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2023 డిసెంబరులో నమోదు చేసింది. అయితే పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, కత్తెర పురుగు వంటి లెపిడాప్టెరా లార్వాలపై ఈ పద్ధతి ఫలితాలు నిలకడగా లేవు. వీటి జీర్ణనాళంలో ఉదజని సూచిక సాధారణంగా 9 నుండి 11 వరకు ఉంటుంది. ఈ క్షారతకు న్యూక్లియేజ్ ఎంజైములు తోడై ఆర్ఎన్ఎను త్వరగా ఛేదిస్తాయి. తెలుగు రాష్ట్రాలలో ప్రత్తి, వేరుశనగ, మొక్కజొన్న పంటలను నష్టపరిచే ముఖ్యమైన పురుగులు ఈ వర్గానివే కనుక, ఆర్ఎన్ఎకు రక్షణ కల్పించే పాలిమర్ల నిర్మాణాన్ని అర్థం చేసుకోవడం అవసరం.

బంధం ఏర్పడే తీరు

డిఎన్ఎ, ఆర్ఎన్ఎలలోని ఫాస్ఫేట్ సమూహాలు ఋణావేశం కలిగి ఉంటాయి. పాలిమర్‌లోని అమైన్ సమూహాలు ప్రోటాన్‌ను గ్రహించి ధనావేశం పొందుతాయి. ఈ రెండింటి ఆకర్షణ వల్ల నానో పరిమాణపు సంయుక్త కణాలు ఏర్పడతాయి. అమైన్ నత్రజనికీ ఫాస్ఫేట్‌కూ గల నిష్పత్తి తక్కువైతే కణం వదులుగా ఉండి ఎంజైములకు లోనవుతుంది. ఎక్కువైతే బంధానికి మించిన స్వేచ్ఛా పాలిమర్ కణపొరలను దెబ్బతీస్తుంది.

అమైన్ రకం

పాలీలైసిన్‌లో ప్రైమరీ అమైన్లు మాత్రమే ఉంటాయి. అవి డిఎన్ఎను గట్టిగా బంధించినా, ఎండోసోమ్ నుండి బయటపడే శక్తి తక్కువ. 1995లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు జన్యు వాహకంగా పరిచయం చేసిన పాలీఇథిలీన్ఇమైన్‌లో ప్రతి మూడవ పరమాణువు నత్రజని. శాఖలు గల రూపంలో ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ అమైన్లు మూడూ ఉండి, ఎండోసోమ్ ఆమ్లతను క్రమంగా గ్రహిస్తాయి. దీనివల్ల ఎండోసోమ్ ఉబ్బి పగులుతుందనే 'ప్రోటాన్ స్పంజి' పరికల్పన ప్రసిద్ధమైనా, దానిపై చర్చ కొనసాగుతూనే ఉంది.

అణుభారం, శాఖలు

సుమారు 25 కిలోడాల్టన్ల శాఖాయుత పాలీఇథిలీన్ఇమైన్ జన్యు రవాణాలో సమర్థమైనదే కాని విషపూరితం. 2 కిలోడాల్టన్లకు లోపు రూపానికి విషప్రభావం తక్కువ, సామర్థ్యమూ తక్కువే. కైటోసాన్‌లో డీఎసిటైలేషన్ పెరిగిన కొద్దీ అమైన్ల సంఖ్య, బంధ బలం పెరుగుతాయి. గొలుసు మరీ పొడవైతే జన్యు పదార్థం సకాలంలో విడుదల కాదు, మరీ పొట్టిదైతే కణం నిలకడగా ఉండదు.

క్షార జీర్ణనాళంలో పరీక్ష

ఉదజని సూచిక పీకేఏ విలువకు సమానమైనప్పుడు సగం అమైన్లు ధనావేశంతో ఉంటాయి. ఉదజని సూచిక 10 వద్ద స్థూలంగా లెక్కిస్తే, పీకేఏ సుమారు 6.5 గల కైటోసాన్‌లో 0.03 శాతం, సుమారు 10 గల లైసిన్ అమైన్లలో 50 శాతం, సుమారు 12.5 గల గ్వానిడిన్ సమూహాలలో 99.7 శాతం ధనావేశం నిలుస్తుంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించిన పరిశోధన ఈ లెక్కకు బలమిస్తుంది. పొగాకు లద్దె పురుగుకు దగ్గరి జాతి అయిన స్పోడోప్టెరా ఎగ్జిగువా లార్వాలకు కైటిన్ సింథేజ్ జన్యువును లక్ష్యించిన ఆర్ఎన్ఎను విడిగా తినిపించగా 16 శాతం, గ్వానిడిన్ గల పాలిమర్‌తో కలిపి తినిపించగా 53 శాతం మరణించాయి.

అయినా పీకేఏ ఒక్కటే నిర్ణాయకం కాదు. దోమ లార్వాల జీర్ణనాళంలోనూ ముందుభాగం తీవ్ర క్షారత కలిగి ఉంటుంది. అయినప్పటికీ 2010లో అనాఫిలిస్ లార్వాలలో కైటోసాన్–ఆర్ఎన్ఎ కణాలు లక్షిత జన్యువు వ్యక్తీకరణను తగ్గించాయి. కనుక ప్రతి పురుగులోనూ విడిగా పరీక్షించడం తప్పనిసరి.

ముగింపు

పాలిమర్ ఎంపికకు మొదటి ప్రాతిపదిక లక్షిత పురుగు జీర్ణనాళపు ఉదజని సూచిక. కణాల స్థిరత్వాన్ని స్వేదనజలంలో కాక, ఆ ఉదజని సూచిక గల ద్రావణంలో, జీర్ణరసం సమక్షంలో పరీక్షించాలి. నత్రజని–ఫాస్ఫేట్ నిష్పత్తిని, పాలిమర్ అణుభారాన్ని నమోదు చేయాలి. ఆర్ఎన్ఎ లేని పాలిమర్‌ను, సంబంధం లేని జన్యువు ఆర్ఎన్ఎతో కూడిన పాలిమర్‌ను కంట్రోళ్లుగా ఉంచాలి. లేనిచో పాలిమర్ విషప్రభావం వల్ల కలిగిన మరణాన్ని ఆర్ఎన్ఎ ఫలితంగా పొరబడే ప్రమాదముంది. అటువంటి విషప్రభావం మిత్రపురుగులకూ హాని చేయగలదు కాబట్టి, ఈ కంట్రోళ్ల ఫలితాలను పరిశీలించిన తరువాతే విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు సిఫారసు చేయాలి.