ఇంటికన్న ముందు వాడను ఎన్నుకొనుట

హోసూరుకు క్రొత్తగా వచ్చిన కుటుంబము మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: అద్దె ఎంత? ఆ ప్రశ్న సహజమే. కాని కొనవలసిన నీరు, పనికి పోయివచ్చు ఖర్చు, పిల్లల చదువు వెనుకబాటు లెక్కలో చేరినప్పుడు తక్కువ అద్దె తక్కువగా మిగలదు. కావున బయానా ఇచ్చుటకు ముందే ఈ క్రింది విషయములు విచారించవలెను.

1. పనికి దారి

సిప్‌కాట్ మొదటి దశ కర్మాగారములు జూజువాడి, మూకండపల్లి వైపున ఉన్నవి. బెంగళూరు సుమారు 40 కిలోమీటర్ల దూరము. దారి అత్తిబెలె మీదుగా పోవును. ఆదివారము మధ్యాహ్నము చూచిన వీధి, షిఫ్టు మారు వేళ వేరుగా ఉండును. కావున పనికి బయలుదేరు వేళనే ఒకసారి ఆ దారిన పోయి చూడవలెను. రాత్రి షిఫ్టు గలవారు వీధి దీపములను కూడ గమనించవలెను. సాధారణ టౌన్ బస్సులలో 2021 నుండి మహిళలకు ఛార్జీ లేదు. బస్సు ఆగు చోటు దగ్గరనున్న ఇల్లు ఆ మేరకు లాభము.

2. త్రాగునీరు

కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలలో పలుచోట్ల భూగర్భ జలములో ఫ్లోరైడ్ అధికము. దానివలన పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలు, దీర్ఘకాలమున ఎముకల వ్యాధి కలుగును. నీటిని కాచినను ఫ్లోరైడ్ పోదు. ఇందుకొరకే కావేరి నీటిని తెచ్చు హొగెనక్కల్ పథకము 2013లో ప్రారంభమైనది. ఆ నీరు ఈ వీధికి వచ్చునా, ఎన్ని దినములకొకసారి వచ్చును, లేక బోరు నీరే గతియా అని ఇంటి యజమానినే కాక ఇరుగుపొరుగువారిని కూడ అడుగవలెను.

3. పిల్లల బడి

అన్నిటికన్న ముఖ్యమైనది ఇదే. 2006 నాటి చట్టము ప్రకారము తమిళనాడు పాఠశాలలలో తమిళము తప్పనిసరి భాష. ఒకటవ తరగతిలో చేరు బిడ్డ ఆడుతూ పాడుతూ నేర్చుకొనును. ఏడవ తరగతిలో వచ్చు బిడ్డకు అక్షరములు మొదలుకొని నేర్వవలసి వచ్చును. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు బోధించు ప్రభుత్వ పాఠశాలలు కలవు; కాని ప్రతి వాడలోను లేవు. ఇల్లు కుదుర్చుకొనుటకు ముందే ప్రధానోపాధ్యాయుని కలిసి, తెలుగు ఉపాధ్యాయులు ఉన్నారా, మధ్యలో చేరిన పిల్లలకు తమిళము నేర్పు ఏర్పాటు ఏమి, పరీక్షలో మినహాయింపు దొరకునా అని తెలిసికొనవలెను. తల్లిభాష నిలుచుట, ఊరిభాష వచ్చుట రెండును బిడ్డకు అవసరములే.

4. పత్రములు

2019లో అమలులోనికి వచ్చిన అద్దె చట్టము ప్రకారము ఒప్పందము వ్రాతపూర్వకముగా ఉండవలెను. నోటిమాటపై అడ్వాన్సు ఇచ్చినవారికి ఇల్లు విడుచు దినమున ఆధారము ఉండదు. విద్యుత్తుకు వేరు మీటరు ఉన్నదా అని చూడవలెను. గృహ వినియోగదారుల బిల్లు రెండు నెలలకొకసారి వచ్చును. జాతీయ ఆహార భద్రతా చట్టము క్రింద స్వరాష్ట్రమున పొందిన రేషన్ కార్డు ఇక్కడను చెల్లును. ఓటును క్రొత్త చిరునామాకు మార్చుకొనుటకు 8వ నమూనా దరఖాస్తు కలదు.

అభ్యాసము

చూచిన రెండు ఇండ్లను ఎదురెదురుగా వ్రాసి, ఒక్కొక్కదానికి అద్దె, నెలసరి నీటి ఖర్చు, ప్రయాణ ఖర్చు కూడవలెను. ఆ మొత్తము ప్రక్కన బడికి గల దూరమును, అందు బోధించు భాషలను వ్రాయవలెను. అప్పుడు ఏ ఇల్లు నిజముగా చవుకయో కాగితమే చెప్పును.