ముందుగా చేరే చదువు

అనకాపల్లి జిల్లా నర్సీపట్నం డివిజన్‌లోని రోలుగుంట వంటి మండలాలలో పదవ తరగతి ఫలితాలు వెలువడగానే ఒక ప్రశ్న తలెత్తుతుంది: ఇంటర్మీడియట్‌లో చేరాలా, ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు చేయాలా? 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైన ఈ విద్యాసంస్థలు గ్రామీణ విద్యార్థులకు ఇంజనీరింగ్ ప్రవేశాన్ని రెండేళ్లు ముందుకు తెచ్చాయి. 2016లో శ్రీకాకుళం, ఒంగోలు ప్రాంగణాలు వచ్చాయి. ఇక్కడ రెండేళ్లు పి.యు.సి., నాలుగేళ్లు బి.టెక్. ఈఏపీసెట్ వంటి పరీక్షతో పని లేదు. పదవ తరగతి మార్కులే ఆధారం. వసతి లేని ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి 4 శాతం అదనంగా కలుపుతారు. ఇది దయ కాదు, న్యాయం.

అమెరికాలోని ‘ఎర్లీ డెసిషన్’ తీరు వేరు. విద్యార్థి సాధారణంగా నవంబరులో ఒకే కళాశాలకు ఈ పద్ధతిలో దరఖాస్తు చేస్తాడు. డిసెంబరులో సీటు లభిస్తే తక్కిన దరఖాస్తులు ఉపసంహరించుకోవాలి. ఏ కళాశాల ఎంత ఆర్థిక సహాయం చేస్తుందో పోల్చి చూసుకొనే వీలుండదు కనుక పేదవానికి ఆ తొందర నష్టమే. ‘ఎర్లీ యాక్షన్’లో ఈ నిర్బంధం లేదు.

ట్రిపుల్ ఐటీ అలా కట్టివేయదు. అయినా పదిహేనేళ్ల వయసులో ఇంజనీరింగే తన బాట అని తేల్చుకోవడం తేలిక కాదు. సాహిత్యమో చరిత్రో ఇష్టపడే బాలిక కూడా ఊరివారి మాట విని దరఖాస్తు చేయవచ్చు. పి.యు.సి. ఇంటర్మీడియట్‌కు సమానం కాబట్టి, రెండేళ్ల తరువాత ఆమె వేరొక డిగ్రీలో చేరవచ్చు.