ఎండను దాచుకొను గోడ

వైశాఖ మాసమున ప్రొద్దు గ్రుంకిన పిమ్మట పడమటి గోడకు వీపు ఆనించి కూర్చుండినవారికి ఆ గోడ గుణము తెలియును. సూర్యుడు అస్తమించి చాలసేపు గడచినను గోడ వేడి విడువదు. పగలంతయు త్రాగిన ఎండను అది రాత్రి కక్కుచుండగా లోపల నిద్ర పట్టుట యెట్లు? అందుచేతనే మన పల్లెలలో వేసవి రాత్రులందు మంచములు వాకిటికి వచ్చును. మనకు ఇంత కష్టము కలిగించు ఈ గుణమునే వరముగా చేసికొనినవారు మన దేశపు ఉత్తరపు కొనయందు కలరు. వారు లదాఖు ప్రజలు.

లదాఖునందలి లేహ్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. హిమాలయములు అడ్డు నిలుచుటచే ఋతుపవన మేఘములు అచటికి అరుదుగా చేరును. వాన తక్కువ, అడవులు లేవు. చలికాలపు రాత్రులందు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 15, 20 డిగ్రీలవరకు పడిపోవును. కాని ఆకాశము నిర్మలము. నీడలో చేతులు కొంకర్లు పోవుచుండగా ఎండలో ముఖము చురుక్కుమనును.

ఇట్టి చోట ఇల్లు వెచ్చచేయుటకు పూర్వాచారము పొయ్యియే. చలికాలమంతయు ఇంటిల్లిపాదియు వంటయింటనే గడపెడివారు. చెట్లు కరవగుటచే పశువుల పేడయే వంటచెరకు. దానిని వేసవియందు ఏరి, ఎండబెట్టి, మిద్దెపై పేర్చుకొనవలెను. పొలమునకు ఎరువు కావలసినది పొయ్యిలో బూడిదయగును. కిటికీలు మూసిన గదిలో పొగ క్రమ్మి కన్నులు మండును, ఊపిరితిత్తులు చెడును. ఇంత చేసినను, పొయ్యి చల్లారిన కొంతసేపటికి గది మరల మంచుగడ్డయే.

ఈ చిక్కును చాలవరకు తీర్చిన గోడకు ట్రోంబ్ గోడ యని పేరు. 1881లో ఎడ్వర్డ్ మోర్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఇట్టి సాధనమునకు పేటెంటు పొందెను గాని అది అంతగా ప్రచారమునకు రాలేదు. 1960 దశకమున ఫ్రాన్సు దేశీయుడు ఫెలిక్స్ ట్రోంబ్, జాక్ మిషెల్ అను వాస్తుశిల్పితో కలిసి పిరినీస్ పర్వతములందలి ఓదెయో గ్రామమున దీనితో ఇల్లు కట్టి చూపెను. 1980 దశకమునాటికి ఇది లదాఖు పల్లెలకు చేరెను. అచటివారు యంత్రమేదియు తెచ్చుకొనలేదు; తమ మట్టి ఇటుకకు అద్దమును తోడు చేసిరి, అంతియే.

దక్షిణపు గోడను అడుగు మందమున పచ్చి ఇటుకలతో కట్టి, వెలుపలి ముఖమునకు నల్లరంగు పూయుదురు. దానికి నాలుగంగుళముల ఎడముగా కొయ్యచట్రములో అద్దములు బిగించి సందులు మూయుదురు. ఎండ అద్దము దూరి నల్లని గోడను కాచును; ఆ వేడిమి తిరిగి అద్దమును సులభముగా దాటజాలదు. అది గోడలో స్థూలముగా గంటకొక అంగుళము చొప్పున లోనికి నడచును. లెక్క వేయుడు: మధ్యాహ్నము 12 గంటలకు వెలుపల తాకిన వేడి గదిలోనికి ఎప్పుడు చేరును? సరిగా చలి ముదురు నడిరేయికి! గోడ పలుచనైనచో వేడి సాయంకాలమే వచ్చి ముగియును. మిక్కిలి మందమైనచో తెల్లవారినను రాదు.

దక్షిణమే యేల? లేహ్ 34 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. డిసెంబరు నెలాఖరు దినములలో మధ్యాహ్న సూర్యుడు క్షితిజమునకు 32, 33 డిగ్రీల ఎత్తుననే నిలుచును. కిరణములు నిలువు అద్దమును చక్కగా తాకును. జూనులో అతడు దాదాపు నడినెత్తికి వచ్చును. కిరణములు అద్దముపై జారిపోవును. కావున చలికాలమున పనిచేసిన గోడ వేసవిలో చాలవరకు ఊరకుండును.

కొన్ని ఇండ్లలో ఈ గోడకు అడుగునను పైనను కన్నములు విడుతురు. పగలు అద్దము వెనుక వేడెక్కిన గాలి పై కన్నమునుండి గదిలోనికి పోగా, గదిలోని చల్లగాలి క్రింది కన్నమునుండి దాని చోటికి వచ్చును. ప్రొద్దు గ్రుంకగనే వీనిని మూయవలెను. మరచినచో అంతయు తలక్రిందగును: చల్లబడిన అద్దముచెంత గాలి బరువెక్కి గదిలోనికి దిగును, గదిలోని వెచ్చగాలి పై కన్నమున వెడలి చల్లబడును. ఆ ఇంటివారు పగలు కూడబెట్టినది రాత్రి తామే పారబోసికొనిన వారగుదురు. ఈ మరపునకు మందుగా క్రింది కన్నమునకు పలుచని ప్లాస్టిక్ పొరను వ్రేలాడగట్టుట కలదు. అది గాలిని ఒక వైపునకే పోనిచ్చును.

నాకు తోచినంతవరకు ఇందు కష్టమైనది వేడి పుట్టించుట కాదు, పుట్టిన వేడిని పోనీయకుండుట. ఉత్తరపు గోడను రెండు వరుసలుగా కట్టి నడుమ గడ్డియో రంపపు పొట్టో కూరవలెను. తలుపు సందులు పూడ్చవలెను. లేహ్ సమీపమున ఫే గ్రామమందలి ‘సెక్‌మోల్’ అను విద్యాసంస్థవారు తమ మట్టి భవనములను సూర్యతాపముచే వెచ్చగా నుంచుచున్నారు.

అద్దములను మంచు పడి కనుమలు మూసికొనక మునుపే తెచ్చుకొనవలెను. పగిలినచో వెంటనే దొరకుట కష్టము. మబ్బు పట్టిన దినములందు గోడ మిన్నకుండును. అప్పుడు పొయ్యి రాజేయవలసినదే. అయినను మిద్దెపై పేర్చిన పిడకలు మునుపటివలె త్వరగా తరుగవు. పిడక కాకుండ మిగిలిన పేడ వసంతమున బార్లీ చేలకు ఎరువుగా పోవును.